వట్టి మనిషి కాదు

గర్భిణిని గురించి మనవాళ్లు "ఆమె వట్టి మనిషి కాదు" అంటారు. ఎంత ఆదరంగల మాట! బరువు ఎత్తనివ్వరు, నోటికి హితవైనది వండిపెడతారు. అయితే ఆ మాటలో మరొక అర్థం కూడా దాగి ఉన్నదని నాకు ఈమధ్యనే తెలిసివచ్చింది.

దేవరకొండ వైపు నుంచి వచ్చే నా విద్యార్థి ఒకడు పాఠం అయ్యాక ఆగి, "తల్లీబిడ్డల్లో ఒక్కరినే కాపాడగలిగితే ఎవరిని కాపాడటం ధర్మం సార్?" అని అడిగాడు. తర్కం కోసం వేసిన ప్రశ్న కాదది. వాళ్ల అక్కకు అయిదో నెల. నాలుక పక్కన లేచిన పుండు మానలేదు. కడుపుతో ఉన్నప్పుడు నోరు పూయటం, చిగుళ్లు వాయటం మామూలేనని ఇంట్లోవాళ్లు రెండు నెలలు ఊరుకున్నారు. చివరకు ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది.

నేను వెంటనే "తల్లినే" అన్నాను. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న సామెత కూడా చేర్చాను. అభ్యుదయవాదికి తగిన జవాబే ఇచ్చాననుకున్నాను!

అసలా ప్రశ్నే సరైనదా అని తరువాత వైద్యమిత్రులను అడిగితే తెలిసింది. నాలుక క్యాన్సర్‌కు ముఖ్యమైన చికిత్స శస్త్రచికిత్స. అది గర్భిణికి కూడా చేయవచ్చు; నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మరింత అనుకూలం. కీమో అనే మందుల చికిత్స శిశువు అవయవాలు ఏర్పడే మొదటి మూడు నెలల్లో కూడదు గాని, తరువాత కొన్ని మందులు ఇవ్వవచ్చు. రేడియేషన్‌ను సాధారణంగా కాన్పు తరువాతకు వాయిదా వేస్తారు. థైరాయిడ్ క్యాన్సర్‌లో చాలా రకాలు కాన్పు దాకా ఆగుతాయి. నోటి క్యాన్సర్ అట్లా ఆగదు. తల్లి క్యాన్సర్ బిడ్డకు సోకటం అత్యంత అరుదు.

అంటే "తల్లా, బిడ్డా" అన్నది చాలాసార్లు రోగం పెట్టే ప్రశ్న కాదు, ఆలస్యం పెట్టేది. ఆ ఆలస్యానికి ఆర్థిక మూలాలున్నాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదట మూడు జిల్లాల్లో ఆరంభమైనప్పుడు వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నది. ఆపరేషన్ ఖర్చు పథకం భరించవచ్చు. వలసపోయిన మగడు పని మానుకొని వస్తే పోయే కూలి ఎవరు భరిస్తారు?

ఇక ధర్మం సంగతి. మనుధర్మశాస్త్రం స్త్రీని క్షేత్రమనీ, పురుషుణ్ణి బీజమనీ అన్నది. పొలం అభిప్రాయం ఎవరైనా అడుగుతారా? ఇది మన పాత పురాణమేనని సరిపెట్టుకోవటానికి వీల్లేదు. 1987లో వాషింగ్టన్‌లో ఆంజెలా కార్డర్ అనే స్త్రీ 26 వారాల గర్భంతో క్యాన్సర్ ముదిరి చావుబతుకుల్లో ఉండగా, ఆస్పత్రివారు న్యాయమూర్తిని రప్పించి ఉత్తర్వు తెచ్చుకున్నారు. మాట పెగలని స్థితిలో ఆమె పెదవులు కదిపి వద్దన్నది. అయినా కడుపు కోసి బిడ్డను తీశారు. బిడ్డ ఆ కొద్ది గంటల్లోనే, తల్లి రెండు రోజులకు చనిపోయారు. ఆ ఉత్తర్వు తప్పని పైకోర్టు 1990లో తేల్చింది.

మన 1971 చట్టం ప్రకారం గర్భస్రావానికి మేజరైన స్త్రీ సమ్మతి చాలు. భర్త సంతకం అక్కరలేదు. తల్లి ప్రాణం కాపాడటానికి అది తక్షణావసరమైతే వారాల గడువు కూడా అడ్డురాదు. బిడ్డను కనటమా మానటమా అన్నది స్త్రీ వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. కాని కాగితం మీది స్వేచ్ఛ తండాకూ గూడేనికీ నడిచి రాదు.

నా జవాబు ఆ న్యాయమూర్తి తీర్పుకు ఎదురుదిశలో ఉన్నదే గాని, తీరు అదే. ఇద్దరమూ ఆమెను అడగలేదు. "అక్క ఏమంటున్నది?" అని మరునాడు విద్యార్థిని అడిగాను. వాడు తెల్లబోయాడు. పొగాకు నమిలే అలవాటున్నదా అని ఆమెను అందరూ అడిగారట; ఏం కావాలని ఎవరూ అడగలేదు. నాలుకకు కత్తి పడ్డాక మాట ఎంత తిరిగి వస్తుందో ముందుగా చెప్పలేరు. అడగవలసింది అంతకు ముందే గదా!

వాడు ఆ సాయంత్రమే ఊరికి పోయి అడిగి వచ్చాడు. తల్లా బిడ్డా అన్న మాటే ఆమె ఎత్తలేదట. ఆస్పత్రిలో ఎన్నాళ్లుండాలి, అన్నాళ్లూ మూడేళ్ల పెద్దపిల్లను ఎవరి దగ్గర విడవాలి అని అడిగిందట. ఆ పిల్ల సంగతి మాకెవరికీ తట్టలేదు.