లేని మృగానికి బలమెంత? : కల్పనలో సత్యం, కొలతలో బాధ్యత

గాడ్జిల్లా, కింగ్ కాంగ్ తలపడితే గెలుపెవరిది? గాడ్జిల్లా చర్మం ఎంతటి విస్ఫోటాన్ని తట్టుకోగలదు? జపాన్‌లో ‘కైజూ’ అని పిలిచే భారీ మృగాల చిత్రాలను అభిమానించేవారు ఏళ్ల తరబడి ఇటువంటి ప్రశ్నలపై వాదోపవాదాలు సాగిస్తున్నారు. లేని జంతువు బలాబలాలను తేల్చబూనడం కుందేటి కొమ్ము పొడవును కొలవడం వంటిదేనని ఈ చర్చను తోసిపుచ్చడం సులభం. అయితే ఇందులో రెండు గంభీరమైన ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మొదటిది తాత్త్వికం: లేని వస్తువు గురించి ఒక మాట ఒప్పు, మరొక మాట తప్పు ఎలా అవుతాయి? రెండవది నైతికం: నిజమైన మనుషుల వేదనతో ముడిపడి పుట్టిన కల్పనను బలపరీక్షకు సామగ్రిగా మాత్రమే చూడడం సమంజసమేనా?

కుందేటి కొమ్ముకూ గాడ్జిల్లాకూ ముఖ్యమైన భేదం ఒకటుంది. మొదటిదానికి పాఠం లేదు; రెండవదానికి ఉంది. అభిమానుల వాదం ఆ పాఠం మీదనే నిలుస్తుంది. తెరమీద కనిపించినది, పాత్రలు పలికినది, నిర్మాణ సంస్థ ప్రకటించిన కొలతలు అనే మూడు రకాల ఆధారాలను వారు ప్రయోగిస్తారు. అవి పరస్పరం విరోధించినప్పుడు ఏది బలవత్తరమో చర్చిస్తారు. ప్రత్యక్షానికీ శబ్దానికీ మధ్య ప్రాబల్య విచారం చేసిన భారతీయ ప్రమాణశాస్త్రానికి ఈ పద్ధతి అపరిచితం కాదు. తనకు నచ్చిన మృగం గెలవాలన్న కోరిక ఎంత బలంగా ఉన్నా, పాఠంలో లేనిదాన్ని ఆధారంగా చూపరాదన్న నియమం ఇక్కడ అందరూ అంగీకరించినదే. ఆ మేరకు ఈ చర్చకు ఒక నీతి ఉంది.

పాఠం చెప్పనిచోట ఏమి చేయాలన్నదే అసలు చిక్కు. డేవిడ్ లూయిస్ 1978లో ప్రకటించిన వ్యాసంలో, కథ ప్రత్యేకంగా కాదననంతవరకు కథాలోకం వాస్తవలోకాన్ని పోలి ఉంటుందన్న దృష్టిని పరిశీలించాడు. షెర్లాక్ హోమ్స్ కథలకు ఈ సూత్రం చక్కగా నప్పుతుంది. భారీ మృగాల విషయంలో అది చిక్కులు తెచ్చిపెడుతుంది. ఆకారం మారకుండా ఎత్తు రెట్టింపైతే ఎముకల అడ్డుకోత వైశాల్యం నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు అవుతాయని గెలీలియో 1638లోనే వివరించాడు. ఈ లెక్కను కచ్చితంగా పాటిస్తే గాడ్జిల్లా యుద్ధానికి ముందే తన బరువు కింద తానే కుప్పకూలాలి.

ప్రకటిత కొలతలు కూడా ఈ లెక్కకు లొంగవు. 1954 నాటి గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు, బరువు 20,000 టన్నులు. 1991లో ఎత్తు 100 మీటర్లకు పెరిగితే బరువు 60,000 టన్నులైంది. ఎత్తు రెట్టింపైనప్పుడు 1,60,000 టన్నులు కావలసినది మూడింతలతో ఆగింది. దీన్నిబట్టి ఈ అంకెలు తూచి చెప్పినవి కావని, ‘అతిభారీ’ అన్న భావాన్ని శ్రోత మనసులో నిలిపే ఉక్తులని గ్రహించాలి. టోక్యో భవనాలు పెరిగేకొద్దీ, వాటి మధ్య చిన్నబోకుండా మృగమూ పెరగవలసి వచ్చింది. 1984లో 80 మీటర్లు, 2016లో 118.5 మీటర్లు అయింది. ఆలంకారికుల పరిభాషలో ఇది అతిశయోక్తి. దాన్ని నియమించేది భౌతికశాస్త్రం కాదు, ఔచిత్యం.

కొలత ఉక్తి అయినప్పుడు, అది దేన్ని ఉద్దేశించిన ఉక్తి అన్న ప్రశ్న తప్పదు. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష వల్ల, ‘అయిదవ ఫుకుర్యూ మారు’ అనే జపాన్ చేపల పడవలోని 23 మంది రేడియోధార్మిక ధూళికి గురయ్యారు. వారిలో ఒకరు సెప్టెంబరులో మరణించారు. ఇషిరో హోండా దర్శకత్వంలో ‘గొజిరా’ విడుదలైనది అదే సంవత్సరం నవంబరు 3న. హిరోషిమా, నాగసాకి గడిచి అప్పటికి తొమ్మిదేళ్లే. అణుపరీక్షలు కదిలించిన ఆ మృగపు గరుకు చర్మం, బాధితుల ఒంటిమీది కాలిన మచ్చలను స్ఫురింపజేస్తుంది. తట్టుకునే శక్తికి సాక్ష్యంగా అభిమానులు చూపే ఆ చర్మమే గాయానికీ సంకేతం.

విశేషమేమంటే, మృగం ఎంత తట్టుకోగలదన్న ప్రశ్నను మొదట వేసినవారు అభిమానులు కారు, ఆ చిత్రంలోని యమానే అనే శాస్త్రజ్ఞుడు. హైడ్రోజన్ బాంబును తట్టుకున్న ప్రాణిని చంపడం కాదు, అధ్యయనం చేయాలని అతడి వాదం. దానికి ఎదురుగా సెరిజావా నిలుస్తాడు. మృగాన్ని చంపగల సాధనం అతడి చేతిలో ఉంది. అది బయటపడితే ఆయుధమవుతుందని భయపడతాడు. చివరకు తన పత్రాలను తగలబెట్టి, సముద్రగర్భంలో మృగంతోపాటు తానూ ప్రాణం విడుస్తాడు. బలానికి మించిన బలం కోసం వెతుకులాట ఎక్కడికి దారితీస్తుందన్న విచారణ ఆ విధంగా కథలోనే జరిగింది.

వినోదాన్ని నేరంగా చూడనక్కరలేదన్న ఆక్షేపణ న్యాయమైనదే. 1962లో అదే హోండా ‘కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా’లో ఆ మృగాన్ని మల్లయుద్ధపు బరిలో దింపాడు. కళాకృతులు ఊహాక్రీడకు సాధనాలని 1990లో కెండల్ వాల్టన్ ప్రతిపాదించాడు. ఆ దృష్టితో చూస్తే, గెలుపోటముల చర్చ 1962 నాటి చిత్రం స్వయంగా పిలిచిన ఆటే. ఆ ఆట ఆడినంతమాత్రాన బాధితులకు అపచారం జరిగినట్టు కాదు.

కాని 1954 నాటి దృశ్యాలను అదే ఆటలోకి సాక్ష్యంగా తెచ్చినప్పుడు, పాఠనిష్ఠ అన్న నియమం వాదిని ముందుకు నడిపిస్తుంది. మృగం విమానదాడిని లెక్కచేయకపోవడం సాక్ష్యమైతే, ఆ తరువాత ఆసుపత్రిలో నేలమీద వరుసగా పడివున్న క్షతగాత్రులూ, పసిబిడ్డ దగ్గర రేడియోధార్మికతను పరీక్షించే సాధనమూ సాక్ష్యమే. మొదటిదాన్ని లెక్కలోకి తీసుకుని రెండవదాన్ని విడిచిపెట్టడం అమానుషమో కాదో అన్నది తరువాతి మాట. ముందు అది అసంపూర్ణ పఠనం. ఇక్కడ నైతిక దోషం ప్రమాణదోషంగానే మొదలవుతుంది.

కాబట్టి దోషం కొలవడంలో లేదు, ఒకవైపే కొలవడంలో ఉంది. బలానికి రెండు అంచులుంటాయి: అది తట్టుకున్నది, అది కలిగించినది. మొదటిదానికి టన్నులూ మీటర్లూ దొరుకుతాయి. రెండవదానికి కొలమానం దొరకనంతమాత్రాన అది పాఠంలో లేకుండా పోదు. లేని మృగానికి బలమెంత అన్న ప్రశ్నకు నిజాయితీగల సమాధానం ఆ ఆసుపత్రి దృశ్యాన్ని దాటకుండా, దానిగుండానే సాగాలి.