సేంత్ షాపెల్: చూడటానికీ కొలవడానికీ మధ్య

ఒక మతానికి పవిత్రమైన మందిరంలోకి ఆ మతవిశ్వాసం లేనివారు, ముఖ్యంగా చదువులో భాగంగా విదేశయాత్రకు వచ్చిన విద్యార్థులు, అడుగుపెట్టినప్పుడు వారికి దక్కేది దాని అంతరార్థమా, పైపై అందమేనా అన్నది పాత ప్రశ్నే అయినా, పారిస్‌లోని సేంత్ షాపెల్ దాన్ని మరింత చిక్కుపరుస్తుంది.

ఫ్రాన్స్ రాజు తొమ్మిదవ లూయీ తన ప్రాసాదంలో కట్టించిన ఈ చాపెల్, అంటే ఊరందరి చర్చిలా కాక ఒక ఇంటికో సంస్థకో ప్రత్యేకించిన ప్రార్థనమందిరం, 1248 ఏప్రిల్ 26న ప్రతిష్ఠితమైంది. సిలువ వేసే ముందు క్రీస్తు తలపై పెట్టినదని విశ్వసించే ముళ్లకిరీటం వెనిస్ వర్తకుల వద్ద తాకట్టులో ఉండగా, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి రెండవ బాల్డ్విన్‌తో ఒప్పందం కుదుర్చుకుని లూయీ 1239లో దాన్ని తెప్పించుకున్నాడు. దానికి వెచ్చించినట్లు చెప్పే 1,35,000 లీవ్రలు మందిర నిర్మాణవ్యయానికి మూడు రెట్లకు పైమాటే కనుక, ఈ కట్టడం ఆ కిరీటానికి చేయించిన భరిణె మాత్రమే.

అయితే భరిణె సామాన్యమైనది కాదు. కొసతేలిన తోరణాలతో, కప్పు బరువును బయటి ఆనుగోడలకు అప్పగించి గోడల స్థానంలో గాజును నిలిపే గోథిక్ పద్ధతి ఇక్కడ పరాకాష్ఠకు చేరింది. పై అంతస్తులో సుమారు 15 మీటర్ల ఎత్తున్న 15 రంగుటద్దాల కిటికీల్లో 1,113 దృశ్యాలున్నాయి, రాతిలో దాచిన ఇనుప కట్లు మందిరాన్ని నడుముపట్టీల్లా బిగించి ఉంచాయి. ఇలాంటి కిటికీలు చదువురాని జనానికి బైబిలు నేర్పడానికేనన్న మాట తరచు వినిపిస్తుంది కాని, ఇక్కడ అది పొసగదు: ప్రాసాద సేవకులకు కేటాయించింది కింది అంతస్తు, పైది రాజుకూ ఆయన పరివారానికీ. వారికి సైతం తలపైన ఎంతో ఎత్తులో అరచేతంత బొమ్మలుగా కనిపించే కథలను వరుసగా చదవడం సాధ్యమై ఉండదు. కాబట్టి కథ తెలియక తలెత్తి నిలబడిన నేటి విద్యార్థి నాటి భక్తుడికి మనం అనుకునేంత దూరంలో లేడు.

అలా చూడటం భక్తికి దారితీస్తుందా అన్నదీ పాత చర్చే: పదార్థం ద్వారా పదార్థాతీతానికి మనసు ఎక్కుతుందని, వెలుగే అందుకు మెట్టని, 1144లో సేన్ దెనీ చర్చి గర్భాలయాన్ని పునర్నిర్మించిన మఠాధిపతి సూజే వాదించాడు. మఠాల్లో ఆడంబరం ధ్యానాన్ని చెదరగొడుతుందని ఆయన సమకాలికుడు బెర్నార్డ్ ఆక్షేపించాడు. ఈ వాదానికి సేంత్ షాపెల్ తర్వాతి చరిత్రే పరీక్ష: ఫ్రెంచి విప్లవంలో ముళ్లకిరీటం ఈ మందిరం నుంచి తరలిపోయి తర్వాత నోత్ర్ దామ్‌కు చేరింది, చాపెల్ కొంతకాలం దస్తావేజుల గిడ్డంగి అయింది, బీరువాల కోసం కిటికీల అడుగుభాగపు అద్దాలను తీసేశారు. ఇప్పుడు న్యాయస్థాన ప్రాంగణంలో తనిఖీ దాటి, టికెట్టు కొని లోపలికి వెళ్లాలి. అంత మాత్రాన సూజే ఓడిపోయాడనలేము, ఎందుకంటే కంటిని పైకి లాగే పనిని ఆ వెలుగు ఇప్పటికీ చేస్తూనే ఉంది. కాని ఆ పైకి చూడటం ఎవరి ముందు తలవంచడంగా ముగియాలో చెప్పే శక్తి దానికి లేదన్న చోట బెర్నార్డ్ అనుమానానికి బలముంది. ఆ తలవంచడానికి కావలసిన వస్తువూ క్రతువూ కాస్త దూరంలో నోత్ర్ దామ్‌లో ఉన్నాయి, భక్తులు ముళ్లకిరీటం కోసం అక్కడికే వెళతారు.