ఖాళీ గదిలో దీపము



1963 నవంబరులో అమెరికా అధ్యక్షులైన లిండన్ జాన్సన్ గారికి ఒక అలవాటుండెను. మనుష్యులు లేని గదిలో దీపము వెలుగుచుండుట చూచినచో, వైట్‌హౌస్‌లో తన చేతితోనే దానిని ఆర్పుచుండెడివారు. ఆ భవనము ఆయనకు నివాసము మాత్రమే కాదు, అనేకులు పనిచేయు కార్యాలయము కూడా. పత్రికలవారు నవ్వి ఆయనకు 'బల్బు జాన్సన్' అని పేరు పెట్టిరి. అంత గొప్ప దేశమునకు ఆ నాలుగు బల్బుల వలన మిగులునదెంత అని వారి భావము. వారి లెక్క తప్పని మేమనము. అయితే జాన్సన్ గారు పెరిగినది టెక్సాసు కొండసీమలో. ఆ పల్లెలలో కరెంటు లేదు. చదువు కిరసనాయిలు దీపము క్రింద, నీళ్లు బావి నుండి స్త్రీల భుజముల మీద. ఆయన 1937లో ప్రతినిధుల సభకు ఎన్నికై, పట్టుబట్టి పనిచేయగా, 1939లో ఆ సీమకు కరెంటు వచ్చెను. అటువంటి మనుష్యుడు ఖాళీ గదిలో దీపము చూచి ఊరకుండలేకపోవుట మన సంఘములలోని ముసలివారికి వివరింపనక్కరలేదు. లాంతరు వత్తి తగ్గించి పండుకొనిన తరము వారిది.

ఈ సంగతి ఇప్పుడెందుకనగా, క్రిస్మసుకు ఊరికి వచ్చిన యువకుడొకడు మమ్మును ఒక ప్రశ్న అడిగెను. అతడు హైదరాబాదులో ఒక కార్యాలయమున రాత్రి కావలి ఉద్యోగము చేయుచున్నాడు. తాను కాయు అంతస్తులో ఏడు గంటలకే అందరును వెళ్లిపోదురట. దీపములు మాత్రము తెల్లవారువరకు వెలుగుచుండునట. ఆర్పుదునా అని పై అధికారిని అడుగగా, "బిల్లు కంపెనీ కట్టుకొనును, నీకెందుకు?" అనెనట. "అయ్యగారూ, ఇది పాపమా? పాపమైతే ఎవరిది?" అని అతడు అడిగెను.

మొదట ఆ అధికారి మాటనే విచారించుదము. వెల చెల్లించినవానికి వృథా చేయు హక్కు గలదా? నూరు ట్యూబులైట్లున్న అంతస్తును తలంచుడి. ఒక్కొక్కటి 20 వాట్ల కొత్తరకపు దీపమే అనుకొందము. సాయంత్రము ఏడు మొదలు ఉదయము ఆరువరకు 11 గంటలు వెలిగినచో 22 యూనిట్లగును. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ పుట్టించుటకు ఆరేడు వందల గ్రాములు మండవలెను. అనగా ఎవరును కూర్చుండని కుర్చీల కొరకు రాత్రికి 14 కిలోల బొగ్గు, ఆ ఒక్క అంతస్తునకే ఏడాదికి నాలుగైదు టన్నులు. ఎండతో పుట్టు కరెంటు పగటిది గనుక, రాత్రి దీపములలో చాలభాగము బొగ్గు మీదనే వెలుగుచున్నవి. ఆ బొగ్గు కొరకు సింగరేణి గనులలో రాత్రి షిఫ్టుకు దిగు కూలి మనిషికి జీతము ముట్టుచున్నది, నిజమే. అయినను అతని శ్రమ ఖాళీ గదికై పోయినదని అతనికి తెలిసిన ఏమనును? భూమికి ఎవరును బిల్లు కట్టలేదు. తీసిన బొగ్గు మరల అందులోనికి రాదు.

ఐదు రొట్టెల సంగతి మీరెరుగుదురు. ఆ పూట రొట్టెకు ఎవరును వెల ఇయ్యలేదు. చాలకపోయినచో మరల పుట్టింపగల చెయ్యి అక్కడనే యుండెను. పారవేసినను ఎవరికిని నష్టము లేదనుటకు అంతకంటె తగిన సమయము మరియొకటి లేదు. అట్టి చోటనే ప్రభువు మిగిలిన ముక్కలను ఏరించెను, పండ్రెండు గంపలు నిండెను. దీనినిబట్టి చూడగా వృథా అనునది డబ్బు లెక్కకు లోబడిన సంగతి కాదని మాకు తోచుచున్నది.

దీపమును కుంచము క్రింద పెట్టరాదు గదా, మీరు ఆర్పుమనుచున్నారేమి అని ఒకరు మాతో పరిహాసమాడిరి. దీపస్తంభము మీద దీపము ఇంటిలోనున్న వారి కొరకు. ఇంటిలో ఎవరును లేనప్పుడు ఎవరికొరకు? ఆసుపత్రి దీపము, రైలు సిగ్నలు, కావలివాడు నడచు మెట్ల దారిలోని దీపము వెలుగవలసినవే. వాటి జోలికి మేము పోము.

దీపమునకు తెలియని పొరుగువారు కూడా గలరు. చికాగో పట్టణమున సరస్సు ఒడ్డున మెక్‌కార్మిక్ ప్లేస్ అను గొప్ప అద్దాల కట్టడము గలదు. వలస పక్షులు రాత్రివేళ ఎగురుచు, కిటికీల వెలుగుకు దారి తప్పి అద్దములకు కొట్టుకొనును. 2023 అక్టోబరు 5 ఉదయమున ఆ ఒక్క కట్టడము చెంతనే దాదాపు వెయ్యి పక్షులు చచ్చిపడియుండెను. వాతావరణమును అందుకు తోడాయెను. అయితే అక్కడి కిటికీలలో సగము చీకటిగా ఉంచినను ఆ చావులు సగమునకు మించి తగ్గునని 2021లోనే ఒక పరిశోధన తేల్చియుండెను. పిచ్చుకలను గూర్చి ప్రభువు చెప్పిన మాట చదివినవారము, ఆ వెయ్యింటిని ఎట్లు లెక్కలోనుండి తీసివేయగలము?

ఇక పాపమెవరిదను ప్రశ్న. మన ఇండ్లలో నూనె కొనునది, దీపము వెలిగించునది, ఆర్పునది ఒక్క ఇల్లాలే. కార్యాలయములో వెలుగు వాడుకొనువాడు బిల్లు కట్టడు. బిల్లు కట్టువాడు రాత్రి వచ్చి చూడడు. చూచు కావలివానికి స్విచ్చి అందును గాని ఆజ్ఞ అందదు. ఏ ఒక్కరును చెడు తలంపుతో వెలిగింపకయే రాత్రియంతయు మండుచుండును. కాబట్టి ఆజ్ఞ ఇయ్యగలవాడే దానికి ఉత్తరవాది అని మేము ఆ యువకునికి చెప్పితిమి. నీవు భయపడకుము, అయితే మరియొక్కసారి అడుగుము, ఈసారి దీపములు ఎన్ని, గంటలు ఎన్ని, యూనిట్లు ఎన్ని అని కాగితము మీద వ్రాసి మర్యాదగా ముందుంచుము అంటిమి. అతని యొద్దనుండి ఇంకను ఫోను రాలేదు.

ఫ్రాన్సు దేశమువారు దీనిని మనుష్యుల మంచితనమునకు విడువలేదు. 2013 జూలై 1 నుండి, కార్యాలయములో పని ముగిసిన గంటలోగా లోపలి దీపములు ఆరిపోవలెనని ప్రభుత్వము నియమము చేసెను. భారం యాజమాన్యము మీదనే పడినందున, ఎవరు ఆర్పవలెనను వాదమునకు చోటు లేకపోయెను.

పట్టణమువారిని మాత్రమే అనుటకు మనకును అంత ధైర్యము చాలదు. అనేక గ్రామములలో వీధిదీపములు మిట్టమధ్యాహ్నము వెలుగుచుండుట మనము చూచుచునే యున్నాము. వాటికి వేరుగా మూడవ తీగ లాగక, స్విచ్చి పెట్టక, నేరుగా కలిపినందున ఆర్పవలెనన్నను ఆరవు. పంచాయతీ పెద్దలను అడుగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. వచ్చు గ్రామసభలో మన సంఘస్థులు ఇద్దరు ముగ్గురు కలిసి, పగలు వెలుగు దీపములను లెక్కించుకొనిపోయి, ఆ తీగ ఎప్పుడు లాగుదురని అడుగవచ్చును.