అంగడి తలుపు మూయు వేళ



మన సంఘములలో చిన్న వ్యాపారముతో కుటుంబమును పోషించుకొనుచున్నవారు అనేకులున్నారు. కిరాణా కొట్టు, టిఫిను బండి, కుట్టు మిషను, క్షౌరశాల, పంక్చరు దుకాణము, ఇవి వారి జీవనాధారములు. వీరు సోమరులు కారు. సోమరితనమును గూర్చి మన ప్రసంగములలో తరచుగా వినుచుందుము. అయితే పనిని ఆపలేని మనుష్యుని గూర్చి మనము మాటలాడుట అరుదు. ఎడతెగక కష్టపడువాడు తన కుటుంబము కొరకే కష్టపడుచున్నానని చెప్పును. ఆ మాట నిజమే. కాని అతని భార్యకును బిడ్డలకును అతడు కనబడుటయే లేనప్పుడు ఆ కష్టము ఎవరి కొరకు? ఈ నెల ఈ ప్రశ్నను మనము కలిసి ఆలోచింతము.

సికింద్రాబాదునకు ఉత్తరమున, కౌకూరు, సైనిక్‌పురి ప్రక్కన యాప్రాల్ అను ఊరు కలదు. ఒకప్పుడది పల్లె. ఇప్పుడు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో నగరముతో కలిసిపోయినది. సైన్యములో పనిచేయువారి కుటుంబములును, పని విరమించినవారి కుటుంబములును అక్కడ చాల గలవు. అపార్టుమెంటులు లేచినవి. ఆ ఇండ్లకు తెల్లవారి పాల ప్యాకెట్టు మొదలుకొని రాత్రి కూర వరకు అందించుటకు రోడ్డు ప్రక్కన చిన్న అంగళ్లు వెలసినవి. పల్లెలోని అంగడివాడు ప్రొద్దు క్రుంకిన కొంతసేపటికి తలుపు వేసికొనెడివాడు. నగరపు అంచున దీపము ఆరదు. చీకటితో పాలకొరకు వచ్చువాడొకడు, రాత్రి ఆలస్యముగా ఆఫీసు నుండి వచ్చి కోడిగ్రుడ్లు అడుగువాడొకడు. ఇప్పుడు సెల్‌ఫోనులో అడిగిన కొద్ది నిమిషములలో సరుకులు గుమ్మమునకు చేర్చు పెద్ద కంపెనీలు వచ్చుటచేత చిన్న అంగడివాని భయము మరి ఎక్కువైనది. నేను మూసిన గంటలో గిరాకి వారికి పోవునని అతడు షట్టరు దించడు. యాప్రాల్ సంగతి మా పల్లెకేల అనకుడి. రోడ్డు వచ్చిన ప్రతి పల్లెకు ఈ సంగతియు వచ్చుచున్నది.

ఒక లెక్క వేయుదము. అంగడి ఉదయము 6 గంటలకు తెరచి రాత్రి 10 గంటలకు మూసినచో దినమునకు 16 గంటలు, వారమునకు 112 గంటలు. మధ్యాహ్నము 2 గంటలు భార్య కూర్చుండి అతనిని పండుకొననిచ్చినను, ఇంకను 98 గంటలు మిగులును. ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ఒక పరిశోధనను ప్రకటించినవి. వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారితో పోల్చగా, 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి పక్షవాతపు ముప్పు 35 శాతము, గుండెజబ్బుతో చనిపోవు ముప్పు 17 శాతము అధికమని అందులో తేలినది. మన అంగడివాడు ఆ 55 గంటలను గురువారము రాత్రికే దాటిపోవుచున్నాడు. ఇంటివారి కొరకని చెప్పి ఇంటివారికి లేకుండ పోవుట ఈ విధముగ జరుగును.

మన దేశములో కూలివానికి వారపు సెలవు ఊరక రాలేదు. బొంబాయి బట్టల మిల్లులలో పనివారికి విశ్రాంతి దినము లేని కాలమున, జ్యోతిరావు ఫూలే సహచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే వారిని కూడగట్టి ఏండ్ల తరబడి అడుగగా, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు ఒప్పుకొనిరి. నేడు తెలంగాణలో 1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము అంగడిలో పనిచేయువారికి వారమునకు ఒక దినము సెలవు ఇయ్యవలెనని చెప్పుచున్నది. 2023 ఏప్రిల్‌లో రేయింబగళ్లు దుకాణములు తెరచి యుంచుటకు ప్రభుత్వము అనుమతి ఇచ్చినప్పుడును పనివారికి వారపు సెలవు తప్పదను షరతు పెట్టినది. కూలివాడు అడుగుటకు యజమాని ఉన్నాడు, యజమాని వినకున్న చట్టమున్నది. అయితే తానే యజమాని, తానే కూలివాడు అయినవాడు ఎవరిని అడుగవలెను? లోకములో కఠినుడైన యజమాని ఎవడని నన్నడిగిన, తనకు తానే యజమానియై తన దేహమునకు సెలవియ్యనివాడని చెప్పుదును.

ఇక్కడ విశ్రాంతి దినమును గూర్చిన ఆజ్ఞను మరల చదువుడి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో అది ఎవరితో చెప్పబడినదో గమనింపుడి. పని ఆపుటకు అధికారము గలవానితోనే అది చెప్పబడినది. నీవు మాత్రమే కాదు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, నీ దాసి, నీ యెద్దు, నీ యింట నున్న పరదేశి యని అందులో వరుసగా లెక్కించబడినది. అనగా తమంతట తాము పని ఆపలేనివారందరు ఆ వరుసలో నున్నారు. యజమాని ఆపిననే వారికి విశ్రాంతి. కాబట్టి ఇది నా ఒంటి సంగతి, నేను ఓర్చుకొందును అని అంగడివాడు చెప్పుటకు వీలులేదు. అతని అంగడిలో ఎందరి గంటలు చేరియున్నవి! భార్య వంట ముగించి గల్లాపెట్టె దగ్గర కూర్చుండును, గిరాకి తగ్గిన వెంటనే అంట్లు తోముటకు లేచును. ఆమె పనికి జీతము లేదు, ఆమె గంటలను ఏ పుస్తకములోను వ్రాయరు. బడినుండి వచ్చిన కుమారుడు సంచి దించి పప్పు తూచును. బడి విడిచిన తరువాత బిడ్డ కుటుంబపు పనిలో సహాయపడవచ్చునని 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము అనుమతించుచున్నది. కాని ఆ రాత్రి ఆ బిడ్డ పుస్తకము తెరచెనా లేదా అని చట్టము వచ్చి చూడదు. తండ్రియే చూడవలెను.

అయితే అంగడివాడు ఎందుకు మూయలేకపోవుచున్నాడు? మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. మూయలేకపోవుటకు రెండు కారణములు కలవు. అవి బయటికి ఒక్కటిగానే కనబడును గాని లోపల వేరు.

మొదటిది, చాలు అను మాట నోట రాకపోవుట. ఆమోసు ప్రవక్త దినములలో విశ్రాంతి దినము ఎప్పుడు గడచునా, ధాన్యపు కొట్లు ఎప్పుడు తీయుదుమా అని ఎదురుచూచిన వర్తకులుండిరి. వారి దేహము ఊరకుండెను, మనస్సు మాత్రము తూనిక దగ్గరనే యుండెను. నేటి అంగడివాడు ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చుండి ఎడమచేత ఫోనుపట్టి ఆ దినపు వసూలు చూచుకొనుచున్నప్పుడు అతడు ఇంటనున్నాడా, అంగడిలో నున్నాడా? షట్టరు దించినంత మాత్రమున అంగడి మూయబడదు.

రెండవది, అప్పు. ఇది వేరు సంగతి. మన ప్రాంతములో గిరిగిరి యని పిలుచు రోజువారీ ఫైనాన్సు నెరుగనివారెవరు? 10,000 అని చెప్పి చేతికి 9,000 ఇత్తురు. దినమునకు 100 చొప్పున 100 దినములు వసూలు చేయుదురు. వినుటకు వేయి రూపాయల వడ్డీయే. కాని తగ్గుచు వచ్చు అసలు మీద లెక్కించినచో అది సాలుకు నూటికి 75 రూపాయలను దాటును. అంతకంటె గొప్ప నష్టము మరియొకటి కలదు. వసూలుకు వచ్చువానికి ఆదివారము లేదు, గనుక అప్పు తీసికొన్నవానికిని ఆదివారము లేదు. అట్టివానితో విశ్వాసముంచి అంగడి మూయుమని మాత్రము చెప్పి పంపివేయుట ఆకలిగొన్నవానికి ఉపవాసము బోధించినట్లే. ముందు అతని మెడమీది కాడి తీయు మార్గము చూపవలెను. 2015లో ఆరంభమైన ముద్ర పథకములో శిశు అను తరగతి క్రింద 50,000 వరకు తాకట్టు లేకుండ బ్యాంకులు అప్పు ఇచ్చును. మహిళా పొదుపు సంఘములకును బ్యాంకు అప్పు కలదు. వీటి వాయిదా నెలకొకసారి. వారపు సెలవునకు అందులో చోటున్నది. సంఘములోని చదువుకొనిన యౌవనులు అట్టివాని వెంట బ్యాంకునకు వెళ్లి కాగితములు నింపి ఇచ్చినయెడల అది మంచి పరిచర్య యగును.

ఇక మూయగలిగియు మూయుటకు భయపడువానికి ఒక మాట. భయమును తూచి చూడుము. నాలుగు వారములు ఏ గంటలో ఎంత అమ్మితివో వ్రాసిపెట్టుకొనుము. రాత్రి 9 మొదలు 10 వరకు 600 రూపాయల అమ్మకమైనదనుకొందము. అమ్మకము లాభము కాదు. నూటికి 10 రూపాయలు మిగులునన్నను ఆ గంటకు వచ్చినది 60 రూపాయలు, అందులో దీపపు ఖర్చు పోవలెను. ఆ కొనువారిలో సగము మంది నీవు 9 గంటలకు మూయుదువని తెలిసినచో 8 గంటలకే వత్తురు. అప్పుడు మిగిలిన ప్రశ్న ఇది: నీ బిడ్డలు మేలుకొనియుండు ఆ ఒక్క గంటను నీవు 30 రూపాయలకు అమ్ముదువా? ఈ బేరము ఎవడైన వచ్చి ముఖాముఖిగ అడిగినచో నీవు కోపపడుదువు. అడుగకుండ ప్రతి రాత్రి జరుగుచున్నది గనుక నీకు తెలియలేదు.

ఆదివారపు సంగతియు అట్లే. అరణ్యములో మన్నా కురిసినప్పుడు ఆరవ దినమున రెండంతలు కూర్చుకొనుమని దేవుడు చెప్పెను. విశ్రాంతి అను వరమునకు ముందుగా సిద్ధపాటును నేర్పెను. ఆదివారమున 600 రూపాయల లాభము పోవునని తోచినచో, మిగిలిన ఆరు దినములు దినమునకు 100 చొప్పున వేరొక డబ్బాలో వేయుము. పూర్తిగా చేతకాకున్న మొదట ఒక పూట మూయుము. తలుపు మీద వేళలు పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టుము, వ్రాసిన వేళను నీవే మీరకుము.

1946లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ట్రూయెట్ కేతీ అను యౌవనుడు అట్లాంటా చెంత ఒక చిన్న భోజనశాల తెరచెను. వారమునకు ఆరు దినములు రేయింబగళ్లు నడిపి, ఆదివారము మాత్రము మూసెను. తరువాత అది చిక్‌ఫిలే అను గొప్ప కంపెనీగా పెరిగినను ఆ ఆదివారపు తాళము తీయలేదు. ఇది చెప్పుట ఆదివారము మూసిన ప్రతివాడు ధనవంతుడగునని కాదు. అట్లు బోధించుట అబద్ధము. మూసినవానికి కొంత నష్టము రావచ్చును. నష్టము లేని విశ్రాంతియే కావలెనన్నవాడు ఎన్నడును విశ్రమింపడు. ఇంతటి సొమ్ము చాలునని చెప్పగలవాడే సొమ్మునకు దాసుడు కానివాడు.

కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు డేరాలు కుట్టు చిన్న వ్యాపారము చేసికొనుచుండిరి. పౌలు వారితో కాపురముండి అదే పని చేసెను. అయితే ప్రతి విశ్రాంతి దినమున సమాజమందిరములో అతడు కనబడెను. వారి యింట సూదికి చోటుండెను, అతిథికి చోటుండెను, వాక్యమునకు చోటుండెను. ఆ తరువాత వారి యింటిలోనే సంఘము కూడుకొనెను. చేతిపని వారి యింటిని మింగివేయలేదు.

చివరగా, అంగడి లేని మనకును ఈ విషయములో పాలు కలదు. నెహెమ్యా విశ్రాంతి దినమున యెరూషలేము గుమ్మములు మూయించెను, అమ్మవచ్చిన తూరు దేశస్థులను అడ్డగించెను. అంతకు ముందు వారియొద్ద కొనుచుండిన యూదుల పెద్దలను గద్దించెను. అమ్మువాడొక్కడే తప్పు చేయలేడు, కొనువాడు ఉండవలెను. ఆరాధన ముగించుకొని బయటికి వచ్చి మూసిన కొట్టు తలుపు తట్టి, అన్నా, ఒక్క చక్కెర పొట్లము ఇయ్యరాదా అని పిలుచువారు మనలో లేరా? ఉద్దెర తెచ్చిన సొమ్మును నెలల తరబడి ఇయ్యక, ఆ అంగడివాడు గిరిగిరికి పోవునట్లు చేయువారు మనలో లేరా? శనివారము సాయంత్రమే సరుకులు తెచ్చుకొనుట, ఉద్దెర బాకీ వేళకు తీర్చుట, ఇవి చిన్న సంగతులు గాని వీటివలన ఒక కుటుంబము కలిసి అన్నము తినును.

కాబట్టి ప్రియులారా, అంగడి కుటుంబము కొరకు పెట్టబడినది గాని కుటుంబము అంగడి కొరకు పుట్టలేదు. రాత్రి షట్టరు దించునప్పుడు అంగడివాడు లోకమును పోషించు భారము తనది కాదని ఒప్పుకొనుచున్నాడు. అతడు నిద్రించు గంటలలోను పొలములో పైరు పెరుగుచున్నది, గేదె పొదుగులో పాలు చేపునకు వచ్చుచున్నవి, ఇవన్నియు అతడు మేలుకొనియుండకయే జరుగుచున్నవి. పని చేయు బలమిచ్చిన దేవుడు పని ఆపు ధైర్యమును కూడ మన చిన్న వ్యాపారులకు అనుగ్రహించును గాక. ఆమేన్.