మందయు మేతయు

ధ్యాన భాగములు: సామెతలు 27:23-27, యెహెజ్కేలు 34:18



హైదరాబాదులో నాంపల్లి స్టేషను దిగి అబిడ్స్ వైపు నడుచువారికి ఇరానీ చాయ్ హోటళ్లు కనబడును. అక్కడ కాగు పాలును, ఉడుకు మాంసమును మన వంటి పల్లెల నుండియే వచ్చుచున్నవి. ప్రతి కప్పు చాయ్ వెనుక ఒక గేదె ఉన్నది; దానికి గడ్డి కోసి మోసిన ఒక తల్లి ఉన్నది.

పశుసంపద దేవుడిచ్చిన మేలు. మేకల వెల పొలమునకు అక్కరకు వచ్చునని, వాటి పాలు ఇంటివారికి ఆహారమగునని సామెతల గ్రంథము నేర్పుచున్నది. కాబట్టి పాలన్నియు కేనులో పోసి పట్నము పంపి, మన బిడ్డలకు పాలులేని టీ ఇచ్చుట తగదు. మొదటి గ్లాసు ఇంట ఉండవలెను.

అయితే ఆ లేఖనము పాలకంటె ముందు గడ్డిని గూర్చి చెప్పుచున్నది. 2012 లెక్కలో తెలంగాణ ప్రాంతపు గొఱ్ఱెలు సుమారు 128 లక్షలు. 2017లో ప్రభుత్వము 75 శాతము సబ్సిడీతో 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఇచ్చు పథకము ఆరంభించెను. 2019 లెక్కలో అవి సుమారు 191 లక్షలాయెను. అనేక కుటుంబములకు అది ఆదరణయే. గాని మంద పెరిగినట్లు బీడు పెరిగెనా? అబ్రాము, లోతుల మందలకు ఒక చోటు చాలకనే కాపరులకు కలహము పుట్టెను (ఆదికాండము 13).

మేత మేసి మిగిలినదానిని త్రొక్కువారిని, తేటనీరు త్రాగి మిగిలినదానిని బురద చేయువారిని దేవుడు యెహెజ్కేలు ద్వారా గద్దించెను. నాంపల్లికి దక్షిణమున పారు మూసీని తలంచుడి. పట్టణపు మురుగు కలిసిన ఆ నీటితో ఒడ్డున గడ్డి పెంచి గేదెలను మేపుచున్నారు. ఆ పాలు మరల పట్టణమునకే చేరుచున్నవి. చెరిపిన నీరు చెరిపినవారి వాకిటికే తిరిగి వచ్చును.

మనమేమి చేయుదము? వరిగడ్డిని పొలములో కాల్చక వామి వేయుదము. పాలియ్యని పది బక్క పశువుల కంటె బాగుగా మేపిన మూడు మేలు. నెమరువేయు ప్రతి పశువును మీథేను అను వాయువును విడుచును, అది భూమి వేడిమిని పెంచును. పేడను చెరువులోనికి కొట్టుకొని పోనీయక గుంటలో వేసిన ఎరువగును. గోబరు గ్యాసు చేసిన పొయ్యి మండును. బీడును వంతుల చొప్పున మేపి, ఒక భాగమునకు విశ్రాంతి నిచ్చుదము. ఏడవ యేట భూమికి విశ్రాంతి నియమించిన దేవుడు (లేవీయకాండము 25) దీనియందు సంతోషించును.

సంఘముగా కూడినప్పుడు మన మందలు ఎన్ని అని మాత్రమే కాక, పొరుగువాని మేకకు, మన మనుమల ఆవుకు ఏమి మిగిల్చితిమని అడుగుకొందము. మంచి కాపరియైన ప్రభువు మనకు నమ్మకమైన కాపరుల మనస్సు అనుగ్రహించునుగాక. ఆమేన్.