రాయబారి స్వరము

రాయబారి పలుకు తనది కాదు, పంపినవారిది. అట్టివాడు కొలువు విడిచి స్వీయచరిత్ర వ్రాయునపుడు, అందలి ‘నేను’ ఎవరు?

జంషెడ్‌పూరునకు రైలుపనికిని, ఉక్కుపనికిని వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. టాటానగర్ మీదుగా పోవు నాటి బెంగాల్ నాగపూర్ రైల్వేలో 1920ల కార్మికోద్యమమునకు నాయకుడైన వి. వి. గిరి, 1947 నుండి 1951 వరకు సింహళమున భారత హైకమిషనరుగా నుండెను. పిదప కేంద్ర కార్మికమంత్రియై, బ్యాంకు ఉద్యోగుల వేతనములపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో పదవిని త్యజించెను. 1974 మే నెలలో దేశవ్యాప్తమైన రైల్వే సమ్మెను ప్రభుత్వము అణచివేసినపుడు ఆయనయే రాష్ట్రపతి. ఈసారి పదవిలోనే నిలిచెను.

మంత్రి విడిచిపోవచ్చును, రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ననుసరింపవలెను గదా యని కొందరందురు. నిజమే. కాని పదవి నోటిని కట్టివేయునే గాని బాధ్యతను తుడిచివేయదు. ఆయన స్వీయచరిత్ర 1976లో వెలువడెను. అట్టి గ్రంథములందు పాఠకుడు వెదకవలసినది గొప్పవారి పేళ్లు కావు. నాటి మౌనము ధర్మమే అయినను, దాని మూల్యమును చెల్లించినవారెవరో పిమ్మట చెప్పుట ఋణము. ఆ ఋణము తీర్చని పుస్తకము మరియొక రాయబారమే యగును.