ముట్టకుండా వదలడం పనేనా?

ఆశ్వయుజం దాటేసరికి నెమలిగుండ్ల దగ్గర నీళ్లు తేటపడతాయి. వానాకాలంలో ఎర్రగా దూకిన గుండ్లకమ్మ, కార్తీకంలో గుండం అడుగున రాళ్లు కనబడేలా పారుతుంది. శనివారాల్లో రంగనాయకస్వామి దర్శనానికి వచ్చినవాళ్లు జలపాతం ముందు ఫోటోలు దిగి, అడవి ఎంత బాగుందో అనుకుంటూ వెళ్తారు.

వాన ఆగినా వాగు ఆగకపోవడానికి కారణం నల్లమల. రాలిన ఆకు కింద ఇంకిన నీరే మెల్లగా ఊరి బయటికొస్తుంది. ఆ ఏరే కంభం చెరువును చేరి, మార్కాపురం సీమ దాటి, వినుకొండ దిక్కున పత్తి, మిరప చేల పక్కగా పోతుంది. అవే రోజుల్లో మనవాళ్లు ఆ చేలకు పత్తితీతకు దిగుతారు. సాయంత్రం కాటా వేసి, కిలోల లెక్కన కూలి ఇస్తారు. తీసిన పత్తికి లెక్క ఉంది. పైన వదిలిన చెట్టుకు లెక్క లేదు.

"అడవి దానంతటదే పెరిగింది, మీరేం చేశారు?" అని అడిగితే మనం తడబడతాం. నిజమే, మనం నాటలేదు. కానీ గడ్డ తవ్వినప్పుడు మన పెద్దలు తీగ మొదలును మళ్లీ గుంటలో పెట్టి మట్టి కప్పారు. తేనెపట్టులో కొంత ఈగలకే ఉంచారు. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్న రోజు కూడా ఉంచారు. చేను కాపలా ఉన్నవాడు గింజ పండించడు, అయినా అతనికి కూలి ఇస్తారు కదా!

అందరం ఎప్పుడూ వదిలామని చెప్పుకుంటే అబద్ధం. పచ్చిచెట్టు కొట్టి మోపులు అమ్ముకున్నవాళ్లం మనలోనూ ఉన్నాం. అందుకే "అడవిబిడ్డలు" అనే పొగడ్త మాకు నచ్చదు. అది పుట్టుకతో వచ్చిన గుణమైతే, అందులో మన కష్టమేముంది? అది నేర్చుకున్న పద్ధతి. మరిచిపోగలిగేది కూడా.

2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ నీటి వనరులను, పరీవాహక ప్రాంతాలను కాపాడే అధికారాన్ని హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. కాపాడినందుకు కూలి మాట అందులో లేదు. టీచర్లు దీన్ని పిల్లలతో చదివించాలి. అయితే కూలి అడగాలంటే మాకూ ఒక భయం ఉంది. కూలి ఆగిన రోజు గొడ్డలి ఎత్తుతామా? పెద్దలు ఎవరి కూలి కోసమూ వదల్లేదు. కానీ వాళ్లకు చుట్టూ అడవి ఉంది, మనకు కిరాణా కొట్టులో అప్పు ఉంది.

మొన్న వినుకొండ వైపు కాటా దగ్గర ఒక రైతును అడిగాం, ఈ ఏరు ఎక్కడ పుడుతుందని.

"పైనుంచి వస్తది" అన్నాడాయన, కాటా ముల్లు చూస్తూ.